మిలిటరీ తాతయ్య ట్రంకుపెట్టె: ప్రాజెక్టు డైరీ

మే 4, ఆదివారం

మామయ్యా నేనూ చెరోపక్క పట్టుకుని తాతయ్య ట్రంకుపెట్టెని అటక మీంచి దించాం. కిందటి ఆగస్టులో తాతయ్య పోయిన దగ్గర్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తాళంచెవి ఇన్నాళ్ళూ అమ్మమ్మ కొంగుముడిలోనే ఉంది. వచ్చే ఆగస్టుకి సంవత్సరీకం. ఆలోపు పెట్టెకి పట్టిన తుప్పు వదిలించాలి, లోపలున్నవి ఇంకో ముప్ఫై, నలభై ఏళ్ళు పాడవకుండా సర్దాలి, ఏది ఏమిటో రాసిపెట్టాలి. నాకు దొరికేవి శని, ఆదివారాలే. ఒక వారం చేసింది ఇంకో వారానికి మర్చిపోతాను కాబట్టి ఈ డైరీ. ఇలాంటి పెట్టె అటక మీద ఉన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు, వాళ్ళకీ పనికొస్తుంది.

నల్ల పెయింటు వేసిన ఇనప్పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, హవల్దారు అన్న హోదా, పేరు, కింద ఏఎంసీ అని ఇంగ్లీషు అక్షరాలు. ఏఎంసీ అంటే ఆర్మీ మెడికల్ కోర్. తాతయ్య అందులో నర్సింగ్ అసిస్టెంట్. 1962లో చైనాతో యుద్ధం అయ్యాక సైన్యాన్ని బాగా పెంచారు కదా, ఆ ఊపులో 1963లో ఇరవై ఏళ్ళవాడు వెళ్ళి చేరాడు. లక్నోలో ట్రైనింగ్. 1979లో హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చాడు. ఆ తర్వాత నలభై అయిదేళ్ళు ఇక్కడే ఉన్నా, ఊళ్ళో వాళ్ళకి మాత్రం పోయేదాకా 'మిలిటరీ'నే.

మూత ఎత్తగానే కలరా ఉండల వాసన. పైన మడతపెట్టిన ఊలు కంబళి. దాని కింద ఒక రేకు డబ్బాలో మెడల్స్, డిశ్చార్జి బుక్కు, దారంతో కట్టిన ఉత్తరాల కట్ట, ఒక కేసెట్టు, అట్ట ఊడిపోయిన పొడుగు నోటు పుస్తకం, గాజు థర్మామీటరు, రెండంగుళాలు కూడా లేని ఒక పెన్సిలు ముక్క. పెన్సిలు ఎందుకు దాచాడో తెలియలేదు. పక్కన పెట్టాను.

ఒక మాట ముందే రాసుకోవాలి. ఈ పని మొదలుపెట్టడంలో నాకు ఒక ఆశ ఉంది. తాతయ్య 1971 యుద్ధంలో ఉన్నాడు. మాకు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. అడిగితే, "నేను తుపాకీ పట్టినవాణ్ణి కాదమ్మడూ, దూది పట్టినవాణ్ణి" అని నవ్వి ఊరుకునేవాడు. ఈ పెట్టెలో ఆ సంగతి ఏమైనా ఉంటుందేమో అని.

మే 10, శనివారం

ఇవాళంతా పెట్టెతోనే. మామయ్య రెడ్ ఆక్సైడ్ డబ్బా, నల్ల ఎనామెల్ డబ్బా తెచ్చి పెట్టాడు. "మొత్తం గీకేసి రెండు కోట్లు వేస్తే కొత్తదైపోతుంది" అన్నాడు. నిజమే, కొత్తదైపోతుంది. కానీ మూత మీద అక్షరాలు తాతయ్య తన చేత్తో రాసుకున్నవి. అవి పోతే ఇక అది బజార్లో కొన్న పెట్టె. అందుకని తుప్పు ఉన్న చోట మాత్రమే గీకాలి, పెయింటు ఉన్నంతవరకు ఉంచేయాలి అని ఇద్దరం ఒప్పుకున్నాం.

అయినా తప్పు జరిగింది, నా చేతిలోనే. మూత మూల దగ్గర తుప్పు మందంగా ఉందని 80 నంబరు గరుకు కాగితంతో రుద్దాను. నాలుగు రుద్దులకే నంబరులో చివరి అంకె సగం లేచిపోయింది. నంబరు డిశ్చార్జి బుక్కులో ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ ఆ తెల్ల గీత ఆయన కుంచెది. చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మామయ్య ఏమీ అనలేదు, గరుకు కాగితం నా చేతిలోంచి తీసుకుని అవతల పెట్టాడు.

తర్వాత పద్ధతి మార్చాం. సన్నటి స్టీల్ ఊలుని మిషను నూనెలో ముంచి, తుప్పు మీద మెల్లగా గుండ్రంగా రుద్దడం, పాత బనీను గుడ్డతో తుడవడం, మళ్ళీ రుద్దడం. పెయింటు జోలికి పోకుండా తుప్పు ఒక్కటే వస్తుంది. టైమ్ మాత్రం నాలుగింతలు పడుతుంది. బందులకి కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేశాం. అడుగున తుప్పు లోతుగా తిన్న చోట టానిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూశాను. ఎర్ర తుప్పు కాసేపటికి నల్లగా మారి గట్టిపడుతుంది, అక్కడితో తినడం ఆగుతుంది.

నేను పాడుచేసిన చోటే ఒకటి బయటపడింది. నల్ల పెయింటు కింద ఆకుపచ్చ పొర ఉంది. టార్చి పక్కనుంచి వేసి చూస్తే అందులో ఇంకో వరస అక్షరాలు లీలగా కనపడుతున్నాయి. నంబరు అదే, పేరు అదే, హోదా మాత్రం నాయక్. ప్రమోషను వచ్చినప్పుడు పెట్టె కొత్తది కొనలేదు, దీనికే రంగు వేసి మళ్ళీ రాసుకున్నాడన్నమాట. ఆ మూలని అలాగే వదిలేశాం.

మే 11, ఆదివారం

బందులు వదులయ్యాయి. మూత ఇప్పుడు చప్పుడు లేకుండా లేస్తోంది.

మధ్యాహ్నం నుంచి మెడల్స్. మొత్తం ఆరు. 1965 రక్షా మెడల్, సైన్య సేవా మెడల్, పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, తొమ్మిదేళ్ళ సర్వీసు మెడల్. డిశ్చార్జి బుక్కులో రాసినవాటితో ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను. రజతోత్సవ మెడల్ 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్ళందరికీ ఇచ్చారు. సంగ్రామ్ మెడల్ కూడా ఆ యుద్ధ కాలంలో ఉద్యోగంలో ఉన్న చాలామందికి వచ్చింది. పూర్వీ స్టార్ అలా కాదు. 1971 డిసెంబరులో తూర్పు రంగంలో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ వైపు పోరులో ఉన్నవాళ్ళకి ఇచ్చింది. పడమటి రంగంలో ఉన్నవాళ్ళది పశ్చిమీ స్టార్. కాబట్టి తాతయ్య ఏ వైపు ఉన్నాడో మెడలే చెప్తోంది.

మామయ్య చింతపండు, పీచు తీసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. బలవంతంగా ఆపాను. మెడల్స్‌ని చింతపండుతో గాని, ఇత్తడి పాలిష్‌తో గాని తోమకూడదు. మెరుపు వస్తుంది, దాంతోపాటు పై పొర లేచిపోతుంది. గుండ్రటి మెడల్స్ అంచు మీద సన్నగా నంబరు, పేరు కొట్టి ఉంటాయి. ప్రతి ఏడాదీ జెండా పండగకి తోమితే ఇరవై ఏళ్ళలో ఆ పేరు అరిగిపోతుంది. పేరు లేని మెడల్ ఎవరిదైనా కావచ్చు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన నూలు గుడ్డతో అద్ది, వెంటనే ఆరబెట్టాను. అంతే. రిబ్బన్లు ఉతకలేదు, రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగుతాయి.

డిశ్చార్జి బుక్కు చదువుతుంటే అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. గుర్తులు: గడ్డం కింద పుట్టుమచ్చ. నడవడిక: ఎగ్జెంప్లరీ. "అదేంటే?" అని అడిగింది. "పదిమందికీ ఆదర్శంగా చెప్పుకోదగ్గది అని, అమ్మమ్మా" అన్నాను. "ఆ ముక్క ఇంగ్లీషులో రాయించుకోవాలా, నన్నడిగితే చెప్పనూ" అంది.

మే 18, ఆదివారం

ఉత్తరాలు. మొత్తం 31. అన్నీ అమ్మమ్మకి రాసినవే. ఆవిడ ముందు కూర్చుని, ఆవిడ సరేనన్నాకే కట్ట విప్పాను. నాలుగు మాత్రం పక్కకి తీసుకుని, "ఇవి మీకు కాదు" అంది. వాటిని స్కాన్ చెయ్యలేదు, వేరే కవరులో పెట్టి అంటించేశాం.

మిగిలిన వాటికి చేసిన పని: గుండుసూదులు తీసేశాను, తుప్పు కాగితంలోకి దిగుతోంది. మడత మీద చిరిగిన చోట సెలో టేపు వెయ్యలేదు, కొన్నేళ్ళకి దాని జిగురు గోధుమరంగు మరకై అక్షరాలని మింగేస్తుంది. లామినేషన్ అయితే అసలు వద్దు, మళ్ళీ విడదీయడం కుదరదు. ఇంకు పెన్నుతో రాసినవి కాబట్టి తడి తగలకూడదు. 600 డీపీఐలో స్కాన్ చేసి, ఆసిడ్ లేని కాగితం మడతల్లో ఒక్కొక్కటీ వేరుగా పెట్టాను. ఆరున్నర గంటలు పట్టింది.

1971 నాటివి ఏడు. ఏ ఊరినుంచి రాస్తున్నాడో ఎక్కడా ఉండదు, రాయకూడదు కూడా. కేరాఫ్ 99 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటుంది, అంతే. తూర్పు వైపు ఉన్న దళాల ఉత్తరాలన్నీ ఆ నంబరు మీదుగానే తిరిగేవి. కానీ అక్టోబరు ఉత్తరంలో ఒక మాట దొర్లింది: "ఇక్కడ జెస్సోర్ రోడ్డు మీద జనం ఇంకా వస్తూనే ఉన్నారు." కోల్‌కతా నుంచి బంగావ్ మీదుగా సరిహద్దు దాటి జెస్సోర్ వెళ్ళే దారి అది. ఆ ఏడాది తూర్పు పాకిస్తాన్ నుంచి మన దేశంలోకి వచ్చిన కాందిశీకులు కోటిమంది దాకా ఉంటారు. అందులో ఎంతోమంది నడిచొచ్చింది ఆ రోడ్డు మీదే.

దాని తర్వాత వాక్యాలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను: "బాబుకి విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు ఆపొద్దు. మీ పెద్దమ్మ ఆపమంటుంది, వినొద్దు. కాచి చల్లార్చిన నీళ్ళలో చిటికెడు ఉప్పు, గుప్పెడు పంచదార వేసి చెంచాతో పడుతూ ఉండు. కక్కినా పట్టు. నేను కళ్ళారా చూశాను."

బాబు అంటే మామయ్య, అప్పటికి ఏడాదివాడు. ఈ ఉత్తరం గట్టిగా చదువుతుంటే ఆయన స్టీల్ ఊలు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు. "పట్టావా అమ్మా?" అని అడిగాడు. "పట్టకపోతే ఇక్కడ నిలబడి అడుగుతావా?" అంది అమ్మమ్మ.

ఇవాళ రాత్రి కూర్చుని ఆ సంగతి చదివాను. అదే ఏడాది, అదే దారిలో ఉన్న బంగావ్‌లో కలరా ముదిరింది. ఆసుపత్రిలో నేల మీద కూడా ఖాళీ లేదు. సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనోబిస్ లీటరు నీళ్ళకి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి డ్రమ్ముల్లో పోయించారు. నర్సులు కాదు, తల్లులూ తండ్రులే గ్లాసుల్లో పట్టుకెళ్ళి తాగించారు. అంతకుముందు నూటికి ముప్ఫైమంది దాకా చనిపోతుంటే, ఈ నీళ్ళు తాగినవాళ్ళలో ఆ లెక్క 3.6 శాతానికి దిగింది. మనం ఇవాళ ఓఆర్‌ఎస్ పొట్లం అంటున్నది ఆ తరహాదే. ఆ డాక్టరు 2022లో పోయారు, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ చెంచా నీళ్ళు మా ఇంటికి మందు పొట్లంగా కాక ఒక ఉత్తరంలో రెండు వాక్యాలుగా వచ్చాయి. మేం పెరిగినన్నాళ్ళూ ఎవరికి కడుపు పాడైనా తాతయ్య ముందు చేసింది అదే.

డిసెంబరు ఉత్తరం ఒకటే ఉంది, 20వ తేదీది. అప్పటికి ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలై నాలుగు రోజులు. యుద్ధం మూడో తేదీన మొదలై పదహారుకి ముగిసింది, జెస్సోర్ ఏడో తేదీకే మన చేతికొచ్చింది. తాతయ్య రాసింది మూడు వాక్యాలు. "అంతా అయిపోయింది. నేను క్షేమం. బాబుకి నడక వచ్చిందా?"

మే 25, ఆదివారం

కేసెట్టు పలకలేదు. ఇవాళ చెప్పుకోదగ్గ పని ఏమీ కాలేదు. 60 నిమిషాల కేసెట్టు, ఒక్కో వైపు 30. మీద తాతయ్య రాత: 'పిల్లలు, 1994 వేసవి'. అరువు తెచ్చుకున్న పాత టేప్ రికార్డరులో పెడితే గుసగుస తప్ప ఏమీ రాలేదు. టేపుని హెడ్డుకి ఆనించి ఉంచే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయి లోపల దొర్లుతోంది. దీని పెంకు అతికించిన రకం, మరలు లేవు. తొందరపడి విప్పితే ఏమవుతుందో మూత మూల నేర్పింది. వదిలేశాను.

జూన్ 1, ఆదివారం

నోటు పుస్తకం.

దీని గురించి తేలిగ్గా రాయలేను. చిన్నప్పుడు మేం దీన్ని జ్వరాల పుస్తకం అనేవాళ్ళం. మనవలకి ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా తాతయ్య ఇది తీసుకుని మంచం పక్కన కుర్చీ వేసుకునేవాడు. మందు వేశాక ఇంకో పని చేసేవాడు: మా ఎడమ మణికట్టు లోపలివైపు బాల్‌పెన్‌తో టైమ్ రాసేవాడు. తొమ్మిదీ నలభై అని కాదు, 2140 అని నాలుగంకెలు. మర్నాడు స్కూల్లో ఎవరైనా "ఏంటే ఆ నంబరు?" అంటే "మా తాతయ్య అంతే" అనేదాన్ని. ఎందుకని మేం ఎప్పుడూ అడగలేదు. నీళ్ళు పోసుకుంటే పోయేది.

పుస్తకంలో మనవడికో భాగం, అయిదుగురికి అయిదు. నా పేజీల్లో ఒకటి:

"1994 మే 21. పెద్దది. 2140: 102.4. పారాసెటమాల్ అర బిళ్ళ. 2300: 100.8. 0200: 99.2, చెమట పట్టింది, గౌను మార్చాం. 0430: మామూలు. నిద్ర."

ఆ రాత్రి నాకు గుర్తే లేదు. హాయిగా పడుకున్నాను. ఆయన రెండింటికీ, నాలుగున్నరకీ లేచి ఉన్నాడు. ఒక్క రాత్రి కాదు, పేజీలన్నీ ఇలాగే ఉన్నాయి. తమ్ముడి అమ్మవారు, మామయ్య కూతురి నిమోనియా, అన్నీ గంటగంటకీ. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు. 'పాపం', 'ఏడ్చింది' లాంటివి కూడా ఉండవు.

చివరి భాగం చూసేసరికి చేతులు ఆడలేదు. 2021 మే. అప్పుడు నేను హైదరాబాదులో కరోనాతో ఒక గదిలో పద్నాలుగు రోజులు ఒంటరిగా ఉన్నాను. తాతయ్యకి 78. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి నాలుగు గంటలకోసారి ఫోన్. "ఆక్సిజన్ ఎంత ఉంది? సరే, గదిలో ఆరు నిమిషాలు నడిచి మళ్ళీ చూసి చెప్పు" అనేవాడు. లైన్లో ఉండేవాడు, నేను నడిచేదాకా. పెద్దాయన టెన్షన్ పడుతున్నాడని, ఊరికే మాట్లాడాలని చేస్తున్నాడని అనుకున్నాను. ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

అవన్నీ రాసి ఉన్నాయి. నడకకి ముందు, నడక తర్వాత, జ్వరం, దగ్గు. 0600, 1000, 1400, 1800, 2200. అంకెలు వణుకుతున్నాయి, గీత మీద నిలబడటం లేదు, కానీ ఒక్కటీ తప్పిపోలేదు. ఆయన నాకు రాత్రి పదింటికి చివరి ఫోన్ చేసి పడుకోమనేవాడు. పుస్తకంలో మాత్రం ప్రతి రోజూ 0200 దగ్గర కూడా ఒక వరస ఉంది.

"0200: ఫోన్ చెయ్యలేదు. పడుకోనీ."

పద్నాలుగు రోజులు, పద్నాలుగు సార్లు. రెండింటికి లేచి, పుస్తకం తీసి, ఆ వాక్యం రాసి పడుకున్నాడు.

ఇవాళ స్కానింగ్ మొదలుపెట్టలేదు. అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

జూన్ 7, శనివారం

నోటు పుస్తకం స్కానింగ్ పూర్తి, 142 పేజీలు. వెన్నుదారం బలహీనంగా ఉంది కాబట్టి అద్దానికి అదిమి పెట్టకుండా, పైనుంచి కెమెరాతో తీశాను. రెండు వైపులా దీపాలు, కింద నల్ల గుడ్డ. కొత్త అట్ట వేయించలేదు. తాతయ్య ఎలా ఉంచాడో అలాగే మందపాటి కాగితంలో చుట్టి, మెత్తటి నూలు టేపుతో కట్టాను.

జూన్ 8, ఆదివారం

కేసెట్టు పలికింది.

మరలున్న ఖాళీ కేసెట్టు ఒకటి సంపాదించాను. పాతదాని అతుకు దగ్గర సన్నటి బ్లేడు పెట్టి అంగుళం అంగుళం విడదీశాను. చక్రాలు రెండింటినీ టేపుతో సహా ఎత్తి కొత్త పెంకులో కూర్చోబెట్టాలి. ఈ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, పొడవు మాత్రం ఎనభై అయిదు మీటర్ల పైనే. వేళ్ళు తగలకుండా, మెలిక పడకుండా చెయ్యడానికి ఊపిరి బిగబట్టుకోవాల్సి వచ్చింది. రికార్డరు హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. మొదట గొంతులు దుప్పటి కప్పుకున్నట్టు మందంగా వచ్చాయి. హెడ్డు పక్కన ఉండే చిన్న మరని వెంట్రుకవాసి తిప్పుతూ వెళ్తే ఒకచోట 'స', 'ష'లు స్పష్టంగా విచ్చుకున్నాయి. అక్కడ ఆపి, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటరులోకి ఎక్కించాను.

మొదటి వైపు మొత్తం ఎక్కాలు. నేనూ తమ్ముడూ పోటీపడి అరుస్తున్నాం, తాతయ్య దిద్దుతున్నాడు.

రెండో వైపు మధ్యలో తమ్ముడు, అప్పటికి ఆరేళ్ళవాడు, ఉన్నట్టుండి అడిగాడు: "తాతయ్యా, యుద్ధంలో నువ్వు ఎంతమందిని చంపావు?"

"ఎవర్నీ చంపలేదురా."

నా గొంతు: "మరి ఏం చేశావు?"

"టైమ్ రాశాను."

మేమిద్దరం నవ్వాం. ఆయన నవ్వలేదు. తర్వాతది విన్నది విన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"దెబ్బలు తగిలినవాళ్ళు రాత్రి పూట వస్తారు. లైటు వెయ్యకూడదు. టార్చికి కాగితం అడ్డం పెట్టి చూడాలి. నొప్పికి మార్ఫియా సూది వేస్తాం. వేశాక నుదుటి మీద 'ఎం' అని రాసి, పక్కన టైమ్ వెయ్యాలి. కార్డు కూడా కడతాం. కానీ కార్డు ఊడిపోతుంది, తడిసిపోతుంది. నుదురు ఎక్కడికి పోతుంది?"

"రాయకపోతే?"

"వెనక ఆసుపత్రిలో ఇంకోడు, పాపం నొప్పిగా ఉందని మళ్ళీ వేస్తాడు. వాడి తప్పు కాదు, వాడికి తెలీదుగా. రెండోది పడితే ఊపిరి మందగించిపోతుంది."

"అలా ఎవరైనా చచ్చిపోయారా తాతయ్యా?" తమ్ముడే.

ఫ్యాను చప్పుడు తొమ్మిది సెకన్లు. తర్వాత తాతయ్య, "సరే, పదిహేడో ఎక్కం ఎవరు చెప్తారు?" అన్నాడు.

మొదటి రోజు పక్కన పెట్టిన పెన్సిలు ముక్క గుర్తొచ్చి లేచి తెచ్చాను. చూడ్డానికి మామూలు నల్ల ములుకు. తెల్ల కాగితం మూల తడిపి చిన్న గీత గీశాను. ముదురు ఊదా రంగు పరుచుకుంది. కాపీయింగ్ పెన్సిలు. తడి చర్మం మీద రాస్తే అంత తేలిగ్గా చెరగదు. తూర్పు, పడమర రెండు వైపులా కలిపి ఆ యుద్ధంలో మన సైన్యంలో గాయపడినవాళ్ళు సుమారు 9,800 మంది అని చదివాను. వాళ్ళలో ఎంతమంది నుదుటి మీద ఈ ఊదా అంకెలు ఉన్నాయో, ఈ రెండంగుళాల ముక్క ఒకప్పుడు ఎంత పొడుగుండేదో అనుకుంటూ కూర్చున్నాను.

కిందటి జూలై సంగతి కూడా ఇక్కడే రాయాలి. ఆసుపత్రిలో తాతయ్యకి నొప్పి మందు ఇచ్చినప్పుడు నేను అలవాటు కొద్దీ నర్సు దగ్గర పెన్ను తీసుకుని ఆయన మణికట్టు మీద టైమ్ రాశాను. 2315. కళ్ళు తెరిచి చూసుకున్నాడు. నా చేతిలో పెన్ను లాక్కుని, కష్టపడి, దాని ముందు ఇంగ్లీషు 'టీ' రాశాడు. మందు పేరులో మొదటి అక్షరం. టైమ్ ఒక్కటే చాలదు, ఏం వేశామో కూడా ఉండాలి. అప్పుడు మగత వల్ల ఏదో గీశాడనుకున్నాను.

జూన్ 15, ఆదివారం

సర్దడం అయిపోయింది. పెట్టెకి బయట పల్చగా మైనం పూత, లోపల ఉతికిన నూలు గుడ్డ. కలరా ఉండలు తీసేశాం, కాగితాలకీ ఫొటోలకీ ఆ వాసన మంచిది కాదు. వాటి బదులు తేమ పీల్చే సిలికా జెల్ సంచులు, ప్రతి వానాకాలం ముందు మార్చాలి. మామయ్య ఫోన్లో గుర్తు పెట్టుకున్నాడు. స్కాన్లు, ఆడియో మూడు చోట్ల ఉన్నాయి: ఇక్కడ ఒక హార్డ్ డిస్క్, తమ్ముడి దగ్గర ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి. పెట్టె మళ్ళీ అటక ఎక్కదు. ముందు గదిలో గోడవారగా ఉంటుంది, కింద రెండు చెక్క దిమ్మలు పెట్టాం.

ప్రతి వస్తువుకీ ఒక చిన్న అట్టముక్క రాశాను. పెన్సిలు ముక్కకి మాత్రం తాతయ్య మాటలే రాశాను: "కార్డు ఊడిపోతుంది, తడిసిపోతుంది. నుదురు ఎక్కడికి పోతుంది?"

సాయంత్రం అమ్మమ్మని కూర్చోబెట్టి స్పీకర్లో రెండో వైపు వినిపించాను. అంతా కదలకుండా వింది. అయ్యాక, "ఇది నాకు తెలుసులే" అంది. ఎప్పుడు చెప్పాడో అడిగితే చెప్పలేదు. ఆ అంటించిన కవరు వైపు మాత్రం ఒకసారి చూసింది.

"ఎక్కాలు పెట్టవే" అంది.

పెట్టాను. పన్నెండో ఎక్కం నడుస్తుండగా వెనకనుంచి తాతయ్య గొంతు, మైకుకి దూరంగా: "ఇదిగో, పిల్లల గొంతులు ఎండిపోతున్నాయి, మంచినీళ్ళు తీసుకురా." వంటింట్లోంచి ముప్ఫై ఏళ్ళనాటి అమ్మమ్మ, "ఆఁ, వస్తున్నా" అంది. చెంబు చప్పుడు. మళ్ళీ మా అరుపులు.

నేను మూడుసార్లు విన్నాను ఈ టేపు, ఆ మాటలు నా చెవిన పడనేలేదు. అమ్మమ్మ ఆపమని చెయ్యి ఎత్తింది. వెనక్కి తిప్పమంది. మళ్ళీ తిప్పమంది. నాలుగోసారి తన ఫోన్లో వెయ్యమని, ఏది నొక్కితే అక్కడికే వెళ్తుందో చూపించమంది.

కేసెట్టు అట్టముక్క మీద 'పిల్లలు, 1994 వేసవి' కింద ఒక వరస కలిపాను: మొదటి వైపు, 11 నిమిషాల 20 సెకన్లు, మంచినీళ్ళు.